ఇంట్లోనే ఉన్నాం, 'డోర్ లాక్డ్' అట!

పోయిన నెల "పోస్టాఫీసుతో మీ తిప్పలు రాయండి" అని ఒక్క ముక్క అడిగిన పాపానికి నా ఫోన్ నిండిపోయింది. బెంగళూరులో ఉండే మన తెలుగోళ్ళందరూ ఇంత కోపం లోపల పెట్టుకుని ఉన్నారని నాకు తెలీదు. వచ్చినవన్నీ వాట్సాప్‌లోనూ మెయిల్లోనూ వచ్చాయి, నిజంగా పోస్టులో వచ్చిన ఉత్తరం ఒకే ఒక్కటి, అది కూడా పోస్ట్‌మన్ కూతురు రాసింది. దాన్ని కింద దాని చోట్లో పెట్టాను, తప్పకుండా చదవండి. పేర్లు వెయ్యొద్దన్నారు చాలామంది, అందుకే ఎవరివీ వెయ్యట్లేదు, ఏ పోస్టాఫీసో కూడా వెయ్యట్లేదు.

ప్రశ్న: అక్కా, మేం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నా పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్ట్‌లో వస్తోంది. మంగళవారం పొద్దున 'అవుట్ ఫర్ డెలివరీ' అని మెసేజ్ వచ్చింది, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నా, సాయంత్రం అయిదింటికి 'డోర్ లాక్డ్' అని ఇంకో మెసేజ్. బుధవారం మళ్ళీ అదే. మా అత్తగారు ఇల్లు కదలరు, మూడు నెలలుగా మా తలుపుకి తాళమే పడలేదు అక్కా! ఎవరిని అడగాలి?
— తాళమే లేని ఇంటి కోడలు

జవాబు: ముందు కోపం కాసేపు పక్కన పెట్టి పాస్‌పోర్ట్ చేతిలోకి తెచ్చుకోండి, గొడవ తర్వాత పడొచ్చు. ఇవ్వలేకపోయిన ఐటెమ్‌ని డెలివరీ పోస్టాఫీసులో మామూలుగా ఓ వారం ఉంచుతారు, ఆ తర్వాత పంపినవాళ్ళకే తిప్పి పంపేస్తారు, మీ విషయంలో పంపినవాళ్ళంటే పాస్‌పోర్ట్ ఆఫీసు, అక్కడికి వెనక్కెళ్ళిందంటే మళ్ళీ కోరమంగళ చుట్టూ తిరగాలి, ఆ ట్రాఫిక్‌లో. కాబట్టి రేపు పొద్దున్నే, పోస్ట్‌మన్లు బీట్‌కి (అంటే వాళ్ళు రోజూ తిరిగే వీధులకి) బయల్దేరక ముందే, ట్రాకింగ్ నంబరూ మీ ఒరిజినల్ ఐడీ కార్డూ తీసుకుని పోస్టాఫీసుకి వెళ్ళండి. మధ్యాహ్నం వెళ్తే లాభం లేదు, మీ కవరు మళ్ళీ ఆయన బ్యాగులో ఎక్కి ఊరు తిరుగుతూ ఉంటుంది. మీరే వెళ్ళండి, మీవారిని పంపకండి, పాస్‌పోర్ట్ ఎవరి పేరున ఉందో వాళ్ళ చేతికే ఐడీ చూసి ఇస్తారు.

ఇక ఎవరిని అడగాలన్నది. కౌంటర్లో నిలబడి అరిస్తే ఆ రోజుకి మనకి బీపీ పెరగడం తప్ప ఏం కాదు, అనుభవంతో చెప్తున్నా. మీ అపార్ట్‌మెంట్‌లో గేటు యాప్ ఉంటుంది కదా, పాలవాడు వచ్చినా స్విగ్గీ అబ్బాయి వచ్చినా టైముతో సహా ఎంట్రీ పడుతుంది. మంగళ, బుధవారాల ఎంట్రీలు మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి, పోస్ట్‌మన్ ఎంట్రీ లేకపోతే అదే మీ సాక్ష్యం. 'రాలేదు' అని మీరు చెప్తే అది మీ మాట మాత్రమే, గేటు రిజిస్టర్ చెప్తే అది రికార్డు. ట్రాకింగ్ పేజీ కూడా తారీఖు, టైము కనపడేలా తీసిపెట్టుకోండి. తర్వాత 1800 266 6868 కి ఫోన్ చెయ్యండి, లేదా ఇండియా పోస్ట్ వెబ్‌సైట్లో కంప్లయింట్ పెట్టండి, ఎలా చేసినా కంప్లయింట్ నంబర్ లేకుండా ఫోన్ పెట్టెయ్యకండి. ఆ నంబర్ ఉంటే దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసి క్లోజ్ చెయ్యక తప్పదు. 'డెలివర్డ్, కేస్ క్లోజ్డ్' అని అడ్డంగా రాసి మూసేస్తే (రాస్తారు, ఆశ్చర్యపోకండి) సీపీగ్రామ్స్‌కి వెళ్ళండి, అది కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్, 2024 ఆగస్టు నుంచి అక్కడ 21 రోజుల్లో తేల్చాలని పెట్టుకున్నారు. అక్కడ కూడా తృప్తి లేకపోతే అప్పీల్ బటన్ ఉంటుంది, చాలామంది దాన్ని నొక్కరు, నొక్కండి. అప్పీల్ ఇంకో పై అధికారి దగ్గరికి పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మీకు నచ్చకపోవచ్చు. పోస్ట్‌మన్ ఫోన్‌లో యాప్ ఉంటుంది, పొద్దున తీసుకెళ్ళిన ప్రతి ఐటెమ్‌కీ సాయంత్రానికి ఏదో ఒక రిమార్కు పడాలి. డెలివర్డ్, డోర్ లాక్డ్, అడ్రస్ సరిగా లేదు, ఇల్లు మారిపోయారు, ఇలాంటివి. 'టైం సరిపోలేదు, రాలేకపోయాను' అని నిజం రాసుకున్న పోస్ట్‌మన్ని నేనింతవరకు చూళ్ళేదు. దాంతో ఆ అబద్ధం తలుపు మీదికి పోతుంది. అలాగని అబద్ధం నిజమైపోదు, కంప్లయింట్ పెట్టాల్సిందే. కానీ మీ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఆయన్ని పైకి పోనిస్తున్నారా అన్నది కూడా ఓసారి కనుక్కోండి, వెయ్యి ఫ్లాట్లున్న కాంప్లెక్స్‌లో పిజ్జా లిఫ్టెక్కుతుంది, పోస్ట్‌మన్ మాత్రం గేటు బయట ఎండలో నిలబడతాడు.

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలు నుంచి బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి దాని ఒరిజినల్ డిగ్రీ మార్కుల లిస్టులు స్పీడ్ పోస్ట్ చేశాను. ట్రాకింగ్‌లో బ్యాగు బయల్దేరిందని ఉంది, అంతే, అక్కణ్ణుంచి గాలిలో కలిసిపోయింది. నలభై రోజులు తిరిగాక 'లాస్ట్' అని ఒప్పుకుని, కట్టిన చార్జీకి రెట్టింపు ఇస్తాం అంటున్నారు. అంటే వందో నూటపదో! దాని మూడేళ్ళ చదువుకి అదా ఖరీదు?
— ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: మాష్టారూ, ఖరీదు అది కాదు, కానీ రూల్ అదే. స్పీడ్ పోస్ట్‌కి 1999 నుంచి నడిచిన లెక్క ఏంటంటే, లేటైతే కట్టిన చార్జీ వాపస్, పోతే లేదా పాడైతే చార్జీకి రెట్టింపు గానీ 1000 రూపాయలు గానీ, రెండిట్లో *ఏది తక్కువైతే అది*. ఆ చివరి ముక్కలోనే ఉంది తిరకాసు. కవరులో సినిమా టికెట్టున్నా ఇంటి దస్తావేజులున్నా వాళ్ళ లెక్కలో ఒకటే, ఎందుకంటే లోపల ఏముందో వాళ్ళు అడగలేదు, మీరు చెప్పలేదు.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే బ్రిటిష్ వాళ్ళ 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోంచి. అందులో 6వ సెక్షన్, ఉత్తరం పోయినా, ఆలస్యమైనా, వేరేవాళ్ళకి చేరినా, పాడైనా సర్కారుకి బాధ్యత లేదు, తనంతట తాను ఒప్పుకున్నంత మేరకు తప్ప. ఉద్యోగికి కూడా బాధ్యత లేదు, మోసంతోనో కావాలనో చేస్తే తప్ప. తెల్లవాళ్ళ రాజ్యంలో రాణిగారి పోస్టు మీద ఎవడు కేసు వేస్తాడు, వాళ్ళు అట్లా రాసుకున్నారంటే అర్థముంది. మరి 125 ఏళ్ళ తర్వాత, 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం తెచ్చారు, 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది, దాంట్లో 10వ సెక్షన్ తీసి చూస్తే సారం అదే. ఇల్లు కొత్తగా కట్టి తలుపు మాత్రం తాతల నాటిది పీకి బిగించారు. సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో, పోస్టాఫీసు లారీ సర్వీసులాంటి రవాణా వ్యాపారం కాదు, అదొక ప్రజాసేవ అనే చెప్పింది. నాకైతే ఈ వాదన స్టాంపు అంటించిన ఉత్తరానికి సరిపోతుందేమో గానీ 'స్పీడ్' అని పేరు పెట్టి, దానికి వేరే రేటు కట్టించుకుని, ప్రైవేట్ కొరియర్‌తో పోటీ అని పోస్టర్లు వేసే సర్వీసుకి సరిపోదనిపిస్తుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు లెండి. వినియోగదారుల కమిషన్లు పోస్టాఫీసు కేసుల్లో ఒక్కోసారి ఆ సెక్షన్ చూపించి కొట్టేశాయి, ఒక్కోసారి ఉద్యోగులు కావాలనే నిర్లక్ష్యం చేశారని తేల్చి అంతకంటే ఎక్కువ ఇప్పించాయి. తేడా ఎక్కడొస్తుందంటే మీ దగ్గరున్న కాగితాల్లో. బుకింగ్ రసీదు (దాని మీద సిరా ఎండకి మాసిపోతుంది, ఇవాళే జిరాక్స్ తీయించండి), ట్రాకింగ్ ఎక్కడ ఆగిందో చూపే ప్రింటు, మీరు రాసిన ప్రతి కంప్లయింటూ, వాళ్ళు ఇచ్చిన ప్రతి జవాబూ. 'ఆ బ్యాగు ఏ ఆఫీసులో కట్టారు, ఏ ఆఫీసులో విప్పారు, విప్పినప్పుడు లిస్టులో నా ఐటెమ్ ఉందా లేదా' అని రాతపూర్వకంగా అడగండి. మా పెదనాన్న గుంతకల్లులో రైల్వే మెయిల్ సర్వీసులో సార్టింగ్ చేసి రిటైరయ్యాడు, ఆయన చెప్పేవాడు, బ్యాగు అనేది చేతులు మారే ప్రతిచోటా ఒక కాగితం పుడుతుంది రా, పోయింది అంటే రెండు కాగితాల మధ్యలో పోయినట్టు అని. ఆ రెండు కాగితాలేవో వాళ్ళ చేతే చెప్పించాలి మీరు. 2 ఏళ్ళ లోపు కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు క్లెయిమ్‌కి ఫీజు లేదు, మీరుండే ఊళ్ళోనే జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు, కర్నూలు నుంచి ఇంత దూరం రానక్కర్లేదు. ఈ లోపల పోలీసులకి 'పోయాయి' అని కంప్లయింట్ ఇచ్చి యూనివర్సిటీకి డూప్లికేట్ కోసం అప్లై చేసెయ్యండి, అమ్మాయి పని ఆగకూడదు. కొన్నయినా డిజిలాకర్‌లో ఉన్నాయేమో చూడమనండి.

ఇన్సూరెన్స్ చేసి పంపాల్సింది అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. విలువైన వస్తువుకి అది మంచిదే. కానీ మార్కుల లిస్టుకి బజార్లో ధరేముంది? అలాంటివి మనిషి చేతే పంపాలి, బెంగళూరుకి కర్నూలు మీదుగా వచ్చే బస్సుల్లో మనవాళ్ళు లేని రోజుందా.

ప్రశ్న: రిజిస్టర్ పోస్ట్ చెయ్యమంటే కౌంటర్లో అమ్మాయి "అది ఇప్పుడు లేదు అంకుల్" అంటోంది. అద్దెకున్నవాడికి నోటీసు పంపాలి. నలభై ఏళ్ళు రిజిస్టర్ చేశాను, నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నారా?
— ఇంటి ఓనరు

జవాబు: లేదండీ, ఆ అమ్మాయి చెప్పింది నిజం. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్టే బుక్ చేసి, దాని మీద 'రిజిస్ట్రేషన్ కావాలి' అని అడగాలి, 5 రూపాయలూ జీఎస్టీ ఎక్స్‌ట్రా. ఇది అడక్కపోతే ఆ అడ్రస్‌లో ఎవరి చేతిలోనైనా పెట్టొచ్చు, అడిగితే పేరున్న మనిషికో ఆయన రాసిచ్చిన మనిషికో ఇవ్వాలి. ఓటీపీ చెప్తేనే ఇచ్చే పద్ధతి కూడా అదే 5 రూపాయలకి ఉంది, కానీ నోటీసుకి అది పెట్టకండి, మీ అద్దెవాడు ఓటీపీ చెప్తాడా ఏంటి! 50 గ్రాముల లోపు కవరుకి ఊళ్ళో అయితే 19 రూపాయలు, ఊరు దాటితే దేశంలో ఎక్కడికైనా 47, రెండిటికీ జీఎస్టీ అదనం, ఇది 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన రేటు. డెలివరీ అయ్యాక ప్రూఫ్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. వాడు తీసుకోను అన్నా దిగులు పడకండి, సరైన అడ్రస్‌కి పంపి, 'తీసుకోలేదు' అని రాసి తిరిగొచ్చిన కవరుని కోర్టులు అందినట్టే లెక్కేసిన సందర్భాలు బోలెడు, కాబట్టి ఆ కవరు విప్పకుండా అట్లాగే దాచండి.

ప్రశ్న: అక్కా నేను పీజీ హాస్టల్లో ఉంటా, నా ఏటీఎం కార్డు మూడుసార్లు బ్యాంకుకి వెనక్కెళ్ళింది, 'ఇన్‌సఫిషియంట్ అడ్రస్' అంట. గూగుల్ మ్యాప్‌లో కరెక్ట్‌గా చూపిస్తుంది, వీళ్ళకెందుకు దొరకదు?
— అనంతపురం అబ్బాయి

జవాబు: తమ్ముడూ, నువ్వు మెసేజ్‌లో పంపిన అడ్రస్ చూశాను. '5వ క్రాస్, వినాయక లేఅవుట్, బెంగళూరు'. నాయనా, ఈ ఊళ్ళో వినాయకుడి గుళ్ళెన్నో వినాయక లేఅవుట్లూ దాదాపు అన్ని ఉంటాయి, ప్రతి దాంట్లోనూ 5వ క్రాస్ ఉంటుంది! పిన్ కోడ్ కూడా నీది కాదు, పీజీ ఓనరు బోర్డు మీద తప్పు రాసుంటే దాన్నే ఎక్కించావు. పిన్ అనేది 1972 ఆగస్టు 15న మొదలైంది, ఆరంకెల్లో మొదటిది జోను (5 అంటే మన ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక మూడూ), మొదటి మూడంకెలు కలిస్తే సార్టింగ్ జిల్లా, చివరి మూడూ డెలివరీ చేసే పోస్టాఫీసు. సార్టింగ్ చేసేవాళ్ళు ముందు చూసేది ఆ అంకెలనే, నీ క్రాసూ మెయినూ కాదు. అంకె తప్పైతే కవరు ఇంకో ఆఫీసుకి పోయి, అక్కడి పోస్ట్‌మన్ ఆ వినాయక లేఅవుట్‌లో నీ పీజీ కోసం వెతికి, లేదని రాసి పంపేస్తాడు, ఆయన తప్పేముంది ఇందులో?

ఇండియా పోస్ట్ వెబ్‌సైట్లో నీ ఏరియా పిన్ సరి చూసుకుని, డోర్ నంబరు, పీజీ పేరు, ఓనరు పేరు, పక్కన ఏ గుడో ఏ బేకరీయో (బెంగళూరులో అయ్యంగార్ బేకరీ లేని సందుంటే చెప్పు), పనిచేసే ఫోన్ నంబరు, ఇవన్నీ బ్యాంకులో మార్పించు. 2025 మే నెలలో డిజిపిన్ అని ఒకటి తెచ్చారు, దేశం మొత్తాన్నీ దాదాపు 4 మీటర్లకి 4 మీటర్ల గళ్ళుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ళు కలిసి చేసింది. మంచి ఆలోచనే, రాసుకుంటే పోయేదేం లేదు, కానీ నీ పీజీలో ఒకే గడి మీద ఐదంతస్తులూ అంతస్తుకి పన్నెండు మందీ ఉంటే ఆ కోడ్ నిన్ను పట్టుకోలేదు. రూం నంబరు రాయి.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్ళికి 300 శుభలేఖలు బెంగళూరులోనే స్టాంపులంటించి ఎర్ర డబ్బాలో వేశాం. పెళ్ళికొచ్చినవాళ్ళలో చాలామంది "కార్డు అందలేదు, ఫోన్ చేస్తే వచ్చాం" అన్నారు. మా ఆడపడుచైతే మేం పిలవలేదనే రాలేదు, ఇప్పటికీ మాటల్లేవు. దీనికి బాధ్యులెవరు?
— చిత్తూరు జిల్లా ఆడపడుచు గారి వదిన

జవాబు: వదినగారూ, ముందు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. స్టాంపు ఎంతది అంటించారు? మామూలు ఉత్తరానికి 5 రూపాయలంటే అది 20 గ్రాముల వరకే. ఇప్పటి శుభలేఖలు, బంగారు అంచూ లోపల గణపతి బొమ్మా కలిపి చేతిలో పట్టుకుంటే పుస్తకమంత ఉంటాయి. తక్కువ స్టాంపున్న కవరుకి లోటుకి రెట్టింపు అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చెయ్యడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. మీ ఆడపడుచు ఇంటికి పోస్ట్‌మన్ వచ్చి "పెళ్ళి కార్డుకి ఇరవై రూపాయలు కట్టండి" అంటే ఆవిడ ఏమనుకుంటుందో ఊహించుకోండి. ఇలా జరిగిందనట్లేదు, జరగొచ్చు అంటున్నా, ఒక మిగిలిన కార్డు తూకం వేసి చూడండి.

స్టాంపు సరిగ్గానే ఉంటే మాత్రం, బాధ్యులెవరూ లేరు. నిజంగానే. మామూలు ఉత్తరానికి నంబరు లేదు, రసీదు లేదు, ట్రాకింగ్ లేదు, పోతే పోయిందని రుజువు చేసే దారే లేదు. వెనకటికి కౌంటర్లో సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ అని ఒక ముద్ర వేసిచ్చేవాళ్ళు, పోస్టు చేశామనైనా రుజువుండేది, దాన్ని కూడా 2011లో తీసేశారు.

మరి లోపల్లోపల వాళ్ళెట్లా చూసుకుంటారు అంటే, మా పెదనాన్న ట్రయల్ కార్డుల గురించి చెప్పేవాడు. డిపార్ట్‌మెంటే మామూలు ఉత్తరాల మధ్యలో కొన్ని పరీక్ష ఉత్తరాలు కలిపి పంపుతుంది, ఏ ఊరికి ఎన్ని రోజులకి చేరిందో లెక్క చూస్తుంది. "మాకు తెలీకూడదు, కానీ చేత్తో పట్టుకుంటే తెలిసిపోయేది" అని నవ్వేవాడు ఆయన. నవ్వులాటకి చెప్పినా అందులోనే ఉంది అసలు సంగతి. ఉత్తరాలు మోసేదీ వాళ్ళే, టైం కొలిచేదీ వాళ్ళే, మార్కులేసుకునేదీ వాళ్ళే. ఫోన్ కంపెనీల మీద ట్రాయ్ ఉంది, పోస్టు మీద అలాంటిదేం లేదు, ఉన్నది డిపార్ట్‌మెంట్, దాని పైన మంత్రిత్వశాఖ, ఎప్పుడైనా కాగ్ వాళ్ళో పార్లమెంటు కమిటీయో అడిగితే జవాబు.

ఇంగ్లండ్‌లో వేరేగా ఉంది. అక్కడ రాయల్ మెయిల్ ఉత్తరాలు ఎన్ని టైముకి చేరాయో బయటి లెక్క ఉంటుంది, ఆఫ్‌కామ్ అనే రెగ్యులేటర్ దాన్ని పట్టుకుని అడుగుతుంది. 2024-25లో ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు నూటికి 93 మర్నాడే చేరాలి, 77 చేరాయి, 2025 అక్టోబరులో 2.1 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. అంతకు ముందు ఏడాది పనికి 1.05 కోట్ల పౌండ్లు. వినడానికి బావుంది కదా, కానీ పూర్తిగా వినండి, జరిమానాలు పడుతున్నా ఉత్తరాలు టైముకి రాలేదు, ఆ 2.1 కోట్ల జరిమానా పడక ముందే, 2025 జులైలో ఆ 93ని 90కి తగ్గించాలనీ, సెకండ్ క్లాస్ ఉత్తరాలు రోజు విడిచి రోజు ఇస్తే చాలనీ నిర్ణయించారు. డెన్మార్క్‌లోనైతే 1624లో మొదలైన పోస్టు 2025 ఆఖరికి ఉత్తరాలు ఇవ్వడమే మానేసింది. కాబట్టి జరిమానా పెడితే అన్నీ సర్దుకుంటాయని నేననను. నేననేది ఒకటే, అక్కడ 77 అనే అంకె మీలాంటి ఇల్లాలికి కూడా తెలుస్తుంది. మన బెంగళూరు నుంచి చిత్తూరుకి వేసిన నూరు ఉత్తరాల్లో ఎన్ని ఎన్నాళ్ళకి చేరాయో మనకి చెప్పేవాళ్ళు లేరు. ఆ అంకె నెలనెలా పోస్టాఫీసు గోడ మీద అంటిస్తే సగం గొడవ అక్కడే తెమిలిపోతుంది, అంకె బాగోకపోయినా సరే.

ఇంకో పెళ్ళుంటే ప్రతి ఊరికి వేసే కట్టలో ఒకటి ఆ ఊళ్ళో మీకు బాగా దగ్గరివాళ్ళకి వేసి, అందగానే ఫోటో తీసి పంపమనండి. మీ సొంత ట్రయల్ కార్డు. ఆడపడుచు గారికి మాత్రం పోస్టు వద్దు, చీర పట్టుకుని మీరే వెళ్ళండి.

ప్రశ్న: (ఇన్‌లాండ్ లెటర్లో, గుండ్రటి చేతిరాతతో) మేడమ్ గారికి నమస్కారం. మా నాన్న బెంగళూరులో పోస్ట్‌మన్. మాది హిందూపురం దగ్గర పల్లె. మీరు పోస్టాఫీసు తిప్పలు రాయమన్నారని చూసి మా నాన్న "ఇంక మనల్ని ఉతుకుతారు" అని నవ్వినాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పక్క బీట్ మనిషి సెలవు పెడితే రెండు బీట్లూ ఈయనే తిరుగుతాడు. పోయినేడు ఒక కవరు పోయిందని ఆయన జీతంలో కట్ చేసినారు. ఆయన పోగొట్టలేదు. మీరు అందరి ప్రశ్నలకీ జవాబు చెప్తారు కదా, మా నాన్నకి ఎవరు జవాబు చెప్తారు?

జవాబు: నీ ఉత్తరం మూడో రోజుకే నాకు అందిందమ్మా, ఆ మాట మీ నాన్నకి చెప్పు.

పై జవాబుల్లో నేను చట్టం గురించి రాశాను, పోతే సర్కారుకి బాధ్యత లేదు అని. మనలాంటి బయటివాళ్ళకి ఆ చట్టం. లోపల ఇంకో రూల్ ఉంది, 1965 నాటి సీసీఎస్ రూల్స్, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ రూల్స్, వాటి ప్రకారం ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల డిపార్ట్‌మెంటుకి నష్టమొస్తే జీతంలోంచి రాబట్టొచ్చు. 'రూల్ 16 చార్జ్‌షీట్' అంటే పోస్టల్ వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలక్కూడా తెలుసు, నీకు తెలిసే ఉంటుంది. అంటే ఏమైంది, పోగొట్టుకున్న మాష్టారికి నూటపది రూపాయలు, కవరు చివర్లో ఎవరి చేతి మీదుగా పోయిందనుకుంటే వాళ్ళకి జీతంలో కోత, మరి బీట్ ఖాళీగా ఉన్నా మనిషిని వెయ్యని ఆఫీసరుకి? రెండు బీట్లు ఒకే మనిషి నెత్తిన పెట్టిన ఆర్డరుకి? ఆ కాగితం మీద సంతకం చేసినవాళ్ళని ఎవరూ అడగరు. బాధ్యత అనేది పైనుంచి జారుతూ జారుతూ సైకిల్ దగ్గర, ఇప్పుడైతే స్కూటర్ దగ్గర ఆగుతుంది.

2025 ఆగస్టు 4 నాటికి దేశమంతా పోస్టాఫీసుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేశారు. మొదట్లో కౌంటర్లలో సిస్టమ్ నత్తలా నడిచి జనం క్యూలో నిలబడి ఎవర్ని తిట్టారు? కౌంటర్లో కూర్చున్నవాళ్ళని. 2023లో మన హలసూరు పక్కన కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో దేశంలోనే మొదటి త్రీడీ ప్రింటెడ్ పోస్టాఫీసు కట్టారు, నెలన్నరలో గోడలు లేచాయి, నేను చూసొచ్చాను, ముచ్చటగా ఉంది. ఏం లాభం, మనిషిని ప్రింట్ చెయ్యలేరు కదా అనుకుంటూ తిరిగొచ్చాను.

మీ నాన్నగారికి చెప్పాల్సింది ఒకటుంది. జీతం కోతకి ముందు ఆయనకి రాతపూర్వకంగా చార్జ్‌షీట్ ఇవ్వాలి, ఆయన జవాబు తీసుకోవాలి, ఆర్డరు మీద అప్పీలుకి వెళ్ళే హక్కుంది. కంటిన్యూగా రెండు బీట్లు చేసిన రోజులన్నీ ఒక నోట్‌బుక్‌లో తారీఖులతో రాసుకోమను, ఎన్ని ఐటెమ్‌లు తీసుకెళ్ళాడో కూడా. యూనియన్ వాళ్ళతో మాట్లాడమను. ఇక్కడ నాకు ప్రశ్నలు రాసినవాళ్ళకి నేనేం చెప్పానో ఆయనకీ అదే చెప్తున్నా చూడు, కాగితం దాచుకోమని. మోకాళ్ళకి మాత్రం నా దగ్గర కాగితం లేదు తల్లీ, రాత్రిళ్ళు నువ్వుల నూనె కాచి రుద్దు.

ప్రశ్న: దసరాకి మామూలు ఇవ్వలేదని మా పోస్ట్‌మన్ ఉత్తరాలు గేటు మీద పడేసి పోతున్నాడు. మనియార్డర్ తెస్తే యాభై అడుగుతాడు. ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. డెలివరీకి పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెట్టాల్సింది వీపీపీ (డబ్బు కట్టి విడిపించుకునే పార్సెల్), క్యాష్ ఆన్ డెలివరీ, కస్టమ్స్ సుంకం, స్టాంపు లోటు, ఇలాంటివాటికే, వాటికి రసీదో లెక్కో ఉంటుంది. పండక్కి మీరు ప్రేమతో ఇస్తే అది వేరు. అడిగి తీసుకుంటే, ముఖ్యంగా పెద్దవాళ్ళ పెన్షన్ డబ్బులో కోసుకుంటే, పోస్ట్‌మాస్టర్‌కి రాసివ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. పైన ఉత్తరం చదివి వీణ్ణీ క్షమించెయ్యాలేమో అనుకోకండి, ఇద్దరూ ఒకటి కాదు.

ప్రశ్న: మీరు అన్నిటికీ 'రికార్డు అడగండి' అంటారు. ఇస్తేగా! నేను రెండు కంప్లయింట్లు పెట్టా, రెండూ 'రిజాల్వ్డ్' అని మూసేశారు. ఆర్టీఐ వేస్తే ఇస్తారా? ఏమని వెయ్యాలి?
— ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక మొండివాడు

జవాబు: మీలాంటి మొండివాళ్ళ కోసమే అది పెట్టింది. ఆన్‌లైన్‌లో కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్లో పోస్టల్ డిపార్ట్‌మెంట్ సెలెక్ట్ చేసి 10 రూపాయలు కట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే లేదా నచ్చకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. 'నా ఉత్తరం ఎందుకు రాలేదు' అని అడక్కండి, 'ఎందుకు' అనేదానికి వాళ్ళు కథ రాస్తారు, లేదా సమాచారం కాదని కొట్టేస్తారు. ఉన్న కాగితాన్ని అడగండి. ఫలానా తారీఖున ఫలానా బీట్‌కి ఎన్ని స్పీడ్ పోస్ట్ ఐటెమ్‌లు డెలివరీకి ఇచ్చారు, అందులో ఎన్నిటికి డోర్ లాక్డ్ అని పడింది, ఆ రిమార్కు ఎన్ని గంటలకి పడింది. ఒకే నిమిషంలో ముప్పై ఇళ్ళకి తాళాలు పడ్డట్టు వస్తే మీరింకేం వాదించక్కర్లేదు. ఆ బీట్‌కి శాంక్షన్ అయిన ఉద్యోగాలెన్ని, ఆ నెలలో ఎన్ని రోజులు మనిషి లేడు, నా కంప్లయింట్‌ని ఏ రిపోర్టు చూసి మూశారు, ఆ రిపోర్టు కాపీ. ఇంతే, నాలుగైదు లైన్లు చాలు.

ఆన్‌లైన్ ఇష్టం లేకపోతే కాగితం మీద రాసి 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి పంపొచ్చు. పోస్టల్ ఆర్డర్ కొనేది పోస్టాఫీసులోనే, పంపేది కూడా స్పీడ్ పోస్టులోనే, కాబట్టి దాని నంబరు రాసి పెట్టుకుని రోజూ ట్రాకింగ్ చూసుకోండి. పోస్టాఫీసుకి డోర్ లాక్డ్ అని వస్తే నాకు రాయండి, పైనెల కాలమ్ మొదట్లోనే వేస్తా.